మా అత్త తైదల బీరు

పోయిన వారం మా అత్త చనిపోయింది. ఆ వార్త నాకు మల్లాపూర్‌లో నేను పనిచేసే వర్క్‌షాపులో, లేత్ మిషన్ల రొదలో అందింది. పుట్టింట్లో ఉన్న మా ఆవిడ ఫోన్ చేసి "అమ్మ లేస్తలేదు" అంది. రాత్రి నిద్ర పట్టలేదేమో అనుకుని "లేపు మరి" అన్నాను. "లేస్తలేదంటున్న గద" అని ఆమె ఏడుపు అందుకున్నాక గానీ నా బుర్రకు ఎక్కలేదు. అక్కడి నుంచి నాచారంలో అత్తవాళ్లిల్లు ఎంత దూరం కనుక? బండి మీద ఆ కాస్త దారిలో ముందున్న ప్రతి ఆటోను, ప్రతి లారీని తిట్టుకుంటూ పోయాను. నేను తొందరగా పోతే ఆమె లేస్తుందన్నట్టు.

హాల్లో చాప మీద పడుకోబెట్టారు. మామ పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఏడుపులు కాస్త తగ్గిన ప్రతిసారీ వెనక గదిలోంచి బుడుక్, బుడుక్ అని చప్పుడు వస్తోంది. వచ్చినవాళ్లు నల్లా కారుతోందనుకున్నారు. ఒక పెద్దాయన పాపం కట్టేసి వద్దామని లేచాడు కూడా. నేను అడ్డం పడి "నేను చూస్త, మీరు కూసోండ్రి" అన్నాను. అది నల్లా కాదు. అత్త పోయే ముందు కలిపిపెట్టిన బీరు, నీలం డ్రమ్ములో పులుస్తోంది.

అవును, బీరే. మా అత్త ఇంట్లో బీరు చేసేది. ఆదివారం చర్చి మానేది కాదు, నెలకో డ్రమ్ము బీరు కూడా మానేది కాదు. తను మాత్రం చుక్క ముట్టలేదు ఎప్పుడూ. వాసన చూసి చెప్పేది బాగా వచ్చిందో లేదో. ఇది చట్టం ఒప్పుకునే పనేనా అంటే, కాదనే అనుకుంటాను. ఒకరికి అమ్మింది లేదు, పంచింది లేదు. ఇప్పుడు ఆమె పోయింది గనక ధైర్యంగా చెబుతున్నాను. ఇంకెవరేం చేస్తారు ఆమెను?

ఆమె సర్కారు దవాఖానాలో నర్సు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, ఉద్యోగమంతా ఈ నగరంలోనే చేసి, నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. వార్డులో ఎంత పెద్ద డాక్టరునైనా నిలదీసిన మనిషని చెబుతారు. నా దగ్గరకు వచ్చేసరికి మాత్రం వాళ్ల ఊరి పద్ధతి పట్టుకునేది. అత్త అల్లుడితో ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉంటే, కొంగు సర్దుకుని మా ఆవిడతో "అల్లుడు చాయ్ తాగుతడేమో అడుగు" అనేది. నేను "తాగుతనని చెప్పు" అనేవాణ్ణి. మధ్యలో మా ఆవిడ "మీ ఇద్దరి నడుమ నేను టెలిఫోనా?" అని విసుక్కునేది. ఆవిడ ఇంట్లో లేకపోతే అత్త గోడతో మాట్లాడేది. గోడకు చెప్పినట్టు చెప్పడం అంటే ఏమిటో నాకు పెళ్లయ్యాకే తెలిసింది. తేడా ఏమిటంటే, ఆ గోడ వెంటనే పని చేసి పెట్టేది.

బీరు కథ మామ వల్ల మొదలైంది. ఆయన ఫ్యాక్టరీలో ఫిట్టరు. రిటైరయ్యాక సాయంత్రాలు ఏం చేయాలో తెలియక మెయిన్ రోడ్డు మీదున్న వైన్స్‌కు పోయి, పక్కనే పర్మిట్ రూములో కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. మంచి మనిషి, గొడవలు లేవు. కానీ ఒక సాయంత్రం వస్తూ వస్తూ మురుగు పారే మోరిలో పడ్డాడు. కనుబొమ్మ చీలింది. అత్త కడిగి, మందు పెట్టి, కట్టు కట్టింది. మర్నాడు నేను చూడటానికి పోతే గోడతో అంది.

"బీరు ఎట్ల చేస్తరో ఫోన్ల ఉంటదంట. జర చూడుమను."

మా ఆవిడ చేతిలో పళ్లెం అక్కడే పెట్టేసింది. "అమ్మా, నీకు మతి గిన పోయిందా? పార్థనలు చేసుకునే ఇంట్ల గిదేం పని?"

"మతి ఉన్నందుకే అడుగుతున్న. మీ నాయిన ఎట్లన్న తాగుతడు. బయట తాగి మోరిల పడుడుకన్న, ఇంట్ల కూసొని నా కండ్ల ముందట తాగని. ఎంత తాగుతున్నడో నాకన్న తెలుస్తది." మామ కట్టు వైపు చూసి అంది, "వార్డుల మస్తు మందిని చూసిన నేను. ఆ కడుపులు, ఆ కండ్లు. ఈయనను గట్ల చూడలేను."

మామకు ఇదంతా తమాషాగా ఉంది. కట్టు కింద నుంచి నవ్వుతూ "నువ్వు చేసింది నోట్లె పెట్టుకునేటట్టు ఉంటే గడప దాటను, పో" అన్నాడు. ఆయన సరదాకు అన్నాడు. ఆమె మాత్రం పట్టుకుంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో బీరు బాగుండటం, బాగుండకపోవడం అంటే రుచి సంగతి మాత్రమే కాదు. బాగుంటే మామ ఇంట్లో ఉంటాడు. బాగుండకపోతే చెప్పులేసుకుంటాడు.

ఫోన్లో చూస్తే విదేశీ మాల్టు, హాప్స్ పువ్వు, థర్మామీటరు, గాజు జాడీలు, అన్నీ పెన్షన్ ఇంటికి అందనివే. నేను చదువుతుంటే అత్త గోడ వైపు తిరిగి వింది. "గవన్ని మనకెందుకు? గింజ మొలకెత్తాలె, ఉడకాలె, పులవాలె. గంతే గద?" అని తేల్చేసింది. కిరాణా షాపు నుంచి బార్లీ తెచ్చి నానబెట్టింది. మొలక రాలేదు. తడిగుడ్డ మార్చింది, మళ్లీ మార్చింది, జ్వరం వచ్చినవాళ్లకు మార్చినట్టు. గింజలు ఉబ్బాయి, జిగురొచ్చాయి, గల్లీ చివరిదాకా కంపు కొట్టాయి. పాలిష్ పట్టిన బార్లీకి ప్రాణం ఉండదని మా ఇద్దరికీ తెలియదు. నేనైతే అక్కడితో వదిలేద్దామనుకున్నాను. నాకు ఏ పని మీదా ఓపిక నిలవదు, ఇది రాస్తూ కూడా మూడుసార్లు లేచి తిరిగి వచ్చాను.

అత్త వదల్లేదు. రాగులను ఆమె తైదలు అనేది. ప్రతి ఎండాకాలం తైదలు మొలకెత్తించి, డాబా మీద ఎండబెట్టి, పిండి పట్టించి అంబలి చేయడం ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న పనే. "మనింట్ల మొలకెత్తేటివి ఉండంగ కిరాణోని బార్లీ ఎందుకు?" అంది. అలా తైదలు వచ్చాయి. చేదు కోసం హాప్స్ అనే పువ్వు వేయాలని నేను చదివితే, "చేదు పువ్వంటే యాపపువ్వే గద" అని, ఎండబెట్టిన వేపపువ్వు దోసెడు వేసింది.

ఆ మొదటి బీరు మామ తాగినప్పటి మొహం నాకు ఇప్పటికీ కళ్ల ముందుంది. గ్లాసు దించి, కాసేపు పైకి చూశాడు.

"ఎట్లున్నది?" అంది అత్త.

"నీ దవాఖాన యాదికొస్తున్నది" అని, మామ చెప్పులేసుకుని వైన్స్‌కు పోయాడు. అత్త ఆ డ్రమ్మంతా మోరిలో పారబోసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. డ్రమ్ము కడుగుతూ "చిటికెడు వెయ్యాలె, దోసెడు గాదు" అని డ్రమ్ముతో అంది.

డ్రమ్ముతో మాట్లాడటం అప్పుడే మొదలైంది. మా ఆవిడ పంతం పట్టి వెనక గదిలోకి వచ్చేది కాదు. అందుకని నాకు చెప్పాల్సినవన్నీ అత్త డ్రమ్ముకు చెప్పేది. "గిన్నె ముట్టెటోళ్లు మోచేతి దాంక సబ్బు పెట్టి కడుక్కోవాలె." "తొందర ఉన్నోళ్లు కొనుక్కోవాలె గని చేసుకోవద్దు." నేను మూత తీసి తొంగి చూడబోతే, "మాటిమాటికి మూత తీస్తే పురుగు పడుతది. కంటికి కనవడదు, కడుపుల కనవడ్తది." ఆమె చెప్పినవాటిలో సగం నా గురించే, అన్నీ డ్రమ్ముకే.

పద్ధతి నెమ్మదిగా కుదిరింది. మొలకెత్తి ఎండిన తైదలను రవ్వగా పట్టించి, వేలు పెడితే చురుక్కుమనే నీళ్లలో కలిపి, గిన్నెకు పాత దుప్పటి చుట్టి పెట్టేది. తీపి దిగాక వడకట్టి మరిగించి, దించే ముందు బత్తాయి తొక్క, దంచిన ధనియాలు, చిటికెడు వేపపువ్వు వేసేది. చల్లారాక బేకరీవాళ్లు వాడే ఈస్టు. డ్రమ్ము మూతకు చిల్లి పెట్టి సెలైన్ పైపు దూర్చి, దాని రెండో కొస నీళ్ల సీసాలో ముంచింది. లోపలి గాలి బుడగలుగా పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. ఎండాకాలం చేసినది నెయిల్ పాలిష్ వాసన కొడితే, వేడి ఎక్కువైందని గ్రహించి డ్రమ్మును నీళ్ల టబ్బులో నిలబెట్టి తడి గోనెసంచి కప్పింది. కొన్న వస్తువు అంటూ ఏమీ లేదు దాదాపుగా. అన్నీ వంటింట్లోవి, లేదంటే ఆమె ఉద్యోగం నేర్పినవి.

ఎన్నో ప్రయత్నాలు చెడిపోయాక ఒకటి కుదిరింది. ఎర్రమట్టి రంగు, పల్చటి నురుగు, బత్తాయి వాసన, గొంతులో చివరన చిన్న చేదు. మామ ఒక గుక్క తాగాడు. ఇంకో గుక్క తాగాడు. గడప దగ్గర చెప్పులున్న వైపు చూశాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని "ఇంకున్నదా?" అన్నాడు. అత్త వంటింట్లోకి పోయింది. నేను మంచినీళ్ల వంకతో వెళ్లి చూస్తే పొయ్యి గట్టు పట్టుకుని నిలబడి నవ్వుతోంది. ఆ సాయంత్రం మామ ఎక్కడికీ పోలేదు. ఆ తర్వాత కూడా పోలేదు.

గాజు సీసాల ముచ్చట చెప్పకపోతే అత్త నన్ను క్షమించదు. మొదట్లో పాత బీరు సీసాల్లో నింపి మంచం కింద పెట్టేవాళ్లం. నురుగు రావాలని నింపేటప్పుడు కాస్త చక్కెర వేయాలి. ఒకసారి చెయ్యి ఎక్కువైంది. ఇంట్లో కుటుంబ ప్రార్థన జరుగుతోంది, పాస్టరు కళ్లు మూసుకుని ఉన్నాడు, మంచం కింద ఠాప్‌మని ఒకటి పేలింది. వెంటనే రెండోది. అందరూ కళ్లు తెరిచారు. అబద్ధం ఆడటం అత్తకు రాదు. "నేను జేసిందే పగిలింది అయ్యగారు, మీరు కానియ్యుండ్రి" అంది. ఆయన కానిచ్చాడు. మా ఆవిడ మాత్రం నెల రోజులు తల్లితో మాట్లాడలేదు. అప్పటి నుంచి సోడా ప్లాస్టిక్ సీసాలే వాడాం. నొక్కితే గట్టిగా ఉంటే చాలు, లోపల గ్యాసు పట్టినట్టు.

ఇప్పుడు అసలు సంగతి. కొన్నేళ్ల కిందట ఒకరోజు తైదలు చెరుగుతూ, కొంగు కూడా సర్దుకోకుండా, గోడను కాదు, డ్రమ్మును కాదు, నన్నే చూసి మాట్లాడింది.

"అల్లుడా, మామ కాళ్లు వాస్తున్నయి, తాగుడు వాపే. నేను ఒత్తి చూసిన. ఇగ తైదలు తగ్గిస్తున్న. ప్రతిసారి ఒక పిడికెడు తక్కువ. ఆయనకు చెప్పకు."

ఆమె మాటకన్నా ఆమె నన్ను పిలిచిన తీరుకే లేచి నిలబడ్డాను. "పల్చగైతే తెల్వదా అత్తమ్మా?" అన్నాను.

"కొన్ని తైదలు నల్లగ ఏంచి ఏస్త. రంగుంటే, నురుగుంటే, జరంత చేదుంటే మొగోళ్లకు గదే బీరు" అంది. చేటలో తైదలు ఎగరేస్తూ మెల్లగా అంది, "ఒక్కపారే మానుమంటే మళ్ల చెప్పులేసుకుంటడు. మెల్లగ దింపాలె."

అలా దింపుతూ వచ్చింది. దానితో నా ప్రాణానికి సుఖం లేకుండా పోయింది. మామ గ్లాసు పట్టుకుని "ఈసారి మస్తు కుదిరింది అల్లుడా" అన్నప్పుడల్లా నేను ఫోన్లో ఏదో వెతుక్కునేవాణ్ణి. ఆయనకు తెలిస్తే ఏమవుతుంది? తనను చిన్నపిల్లాణ్ణి చేశారని కోపం వస్తుందా, అటు నుంచి అటే వైన్స్‌కు పోతాడా? అత్తకు ఏ ఫికరూ లేదు. ఆమె పిడికెడు తీసేస్తూనే ఉంది.

ఇప్పుడు ఆమె లేదు. సమాధి కార్యక్రమం అయ్యాక మామ మాట్లాడటం మానేశాడు. సాయంత్రం అయితే చాలు, గేటు దాకా పోతాడు, చెప్పుల వైపు చూస్తాడు, వెనక గది దాకా వస్తాడు, డ్రమ్మును చూస్తాడు, మళ్లీ గేటు దాకా. గడప దాటనని ఆయన మాటిచ్చింది ఆమెకు. ఆ బీరు చేసే మనిషే లేనప్పుడు ఆయన ఏ మాటకు కట్టుబడి ఇంట్లో ఉండాలి? పొద్దున పీర్జాదిగూడలో మా ఫ్లాటు నుంచి ఉప్పల్ ట్రాఫిక్‌లో పడి ఒకసారి, పని అయ్యాక ఒకసారి నాచారం వచ్చేవాణ్ణి. గోనెసంచి తడిపేవాణ్ణి. బుడగలు లెక్కపెట్టుకునేవాణ్ణి. అవి ఆగిపోతే వెంటనే సీసాల్లో నింపాలి. లేకపోతే పల్చటి బీరు ఊరికే పులిసిపోతుంది.

మా ఆవిడకు వేరే భయం. ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థనకు, ఆదరణ కూడికకు, చర్చివాళ్లందరూ వస్తారు. "అమ్మ పోయిన ఇంట్ల గీ వాసనేందని అంటరు. పారబొయ్యి" అంది.

"అమ్మ చేసింది అది."

"అమ్మ చేసిందనే నాకు సిగ్గు. ఇన్నేండ్లు ఎవరన్న అడుగుతరేమోనని చచ్చిన నేను." అంటూనే ఏడ్చింది. "కూడిక అయినంక పారబొయ్యి. నేను చూడను."

కూడిక రోజున ఇల్లు నిండిపోయింది. పాటలు పాడారు. అత్త చేతి సూది మందు తీసుకున్నవాళ్లు, ఆమె పురుడు పోసినవాళ్లు లేచి మాట్లాడారు. నేను ఒక్క మాట సరిగా వినలేదు. వెనక గదిలోంచి చప్పుడు రావడం లేదు. బుడగలు ఆగిపోయాయి. అందరూ భోజనాలు చేసి పోయాక, ఇంకా వెలుతురు ఉండగానే, మామ లేచి చెప్పులు వేసుకున్నాడు.

మా ఆవిడ నా భుజం తోసింది. "పో, ఎనక పో."

గల్లీ దాటి మెయిన్ రోడ్డు దాకా కొంచెం దూరంలో నడిచాను. ఆయన వైన్స్ ముందు ఆగాడు. కౌంటరులో కుర్రవాడికి ఆయన ఎవరో తెలియదు, అన్నేళ్లయింది మరి. ఒక సీసా పేపరులో చుట్టించుకుని తిరిగొచ్చాడు. నన్ను చూసి, దాటి ఇంటి వైపు నడిచాడు. దారి పొడుగునా నేను అత్తకు మనసులో సంజాయిషీ చెప్పుకుంటూనే ఉన్నాను.

ఇంటికి వచ్చి సీసా మూత తీసి స్టీలు గ్లాసులో పోసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించి గ్లాసు పక్కకు పెట్టాడు.

"గట్టిగున్నది. పడ్తలేదు" అన్నాడు. తర్వాత "మీ అత్తది తేపో జరంత" అన్నాడు.

"దానికింకా గ్యాసు పట్టలేదు మామా."

"పట్టకుంటేంది? తే."

డ్రమ్ము నుంచి పైపుతో తీసి తెచ్చాను. ఆయన నెమ్మదిగా తాగి, నోట్లో ఉంచుకుని, మింగాడు.

"నాకు తెల్వదనుకున్నది" అన్నాడు. "ఏడాదికేడాది నీళ్లు పెంచుకుంట వచ్చింది. తైదలు మాడబెట్టి రంగు తెచ్చింది. ఆమె ఎనక నువ్వు దొంగ మొకం పెట్టుకొని ఫోన్ చూసుకుంట." నా వైపు చూశాడు. "నాకు తెలిసిందని ఆమెకు తెలిస్తే చేసుడు బంద్ చేస్తది. గందుకే మస్తు కుదిరిందన్న."

గుమ్మం దగ్గర మా ఆవిడ ఎప్పుడు వచ్చిందో చూసుకోలేదు. లోపలికి వచ్చి, తండ్రి చేతిలో గ్లాసు తీసుకుని, ఇన్నేళ్లలో ఎప్పుడూ వాసన కూడా చూడని మనిషి, ఒక గుక్క తాగింది. ఇంకోటి తాగింది.

"గిదేంది నాయినా" అంది. "గిది అంబలే గద."

మామ తల ఊపాడు. నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకొన్నేండ్లుంటే మీ అమ్మ నన్ను మంచినీళ్లకు దింపుతుండె" అన్నాడు.

మా ఆవిడ గ్లాసు తిరిగి ఇవ్వలేదు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఎవరూ లైటు వేయలేదు. మామ చెయ్యి కూతురి తల మీద ఉంది, కళ్లు నా మీద ఉన్నాయి.

"రేపు తైదలు నానెయ్యి అల్లుడా" అన్నాడు. "ఒక పిడికెడు తక్కువెయ్యి."